డైరెక్టరు పై వరుస

ఆ రోజుకి ప్రోగ్రామర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పన్నెండింటికల్లా సిబ్బంది పట్టిక పూర్తి చేయాలి, మూడింటికి లీవు మీద బయటపడాలి, నాలుగింటికి స్కూల్లో కూతురి నాటకం చూడాలి. కూతురిది చెట్టు వేషం. మాటలు రెండే. అయితేనేం, గత రెండు నాటకాలకూ అతను వెళ్లలేకపోయాడు.

"ముందు వరుసలో కూర్చోవాలి నాన్నా. వెనక ఉంటే కనపడవు," అంది కూతురు బూట్లు తొడుక్కుంటూ.

"ఈసారి కూడా ఎగ్గొడితే దానికి జవాబు నువ్వే చెప్పుకో. నా వల్ల కాదు," అంది భార్య.

ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన్ని అందరూ పెద్దాయన అంటారు. లోపలికొచ్చినా బయటికెళ్లినా ఎవరు, ఎక్కడికి, ఎందుకు, మళ్లీ ఎప్పుడు అని నాలుగు ప్రశ్నలు అడిగి, కార్డు చూసి, పుస్తకంలో రాసుకుంటే గానీ వదలడు.

"నాలుగేళ్ల నుంచి చూస్తున్నావు కదా పెద్దాయనా, ఇంకా కార్డెందుకు?"

"మిమ్మల్ని చూశాను బాబూ. ఇవాళ కార్డు చూడలేదు."

ఇక పట్టిక సంగతి. అందులో ఒక్కొక్కరికి ఒక్కో వరుస. పై అధికారిది తల్లి వరుస, ఆయన కింద పనిచేసేవాళ్లవి పిల్ల వరుసలు. ప్లస్ గుర్తు నొక్కితే పిల్లలు కాస్త లోపలికి జరిగి బారులు తీరతాయి, మైనస్ నొక్కితే బుద్ధిగా తల్లి చాటుకు పోతాయి. ఎవరి పైన ఎవరో రాయడానికి ప్రతి వరుసలో ఒక గడి ఉంది. ఎవరికి ఏ డ్యూటీ పడాలో, ఎవరి లీవు ఎవరివ్వాలో కంప్యూటరు ఆ గడి చూసే తేలుస్తుంది. పైనున్నవాళ్లలో ఎవరిచ్చినా లీవు ఇచ్చినట్టే.

పిల్ల వరుసలు ఎంత లోతు దాకా సరిగ్గా జరుగుతాయో చూద్దామని ప్రోగ్రామర్ డైరెక్టరును తీసుకెళ్లి పెద్దాయన కింద పెట్టాడు. అట్టడుగున ఉన్నది పెద్దాయనే మరి. తన ముందున్నది ప్రాక్టీసు కాపీ అనుకున్నాడు. కాదు, అసలుదే.

పదకొండింటికి డైరెక్టరు ఫోన్ చేశాడు.

"మూడొందల పన్నెండు మందిమి ఉన్నాం కదయ్యా. టేబుల్లో ఒక్కడూ లేడేంటి?"

ప్రోగ్రామర్ గడులు ఒక్కొక్కటే చూసుకున్నాడు. పెద్దాయన పైన మేనేజరు, మేనేజరు పైన డైరెక్టరు, డైరెక్టరు పైన పెద్దాయన! పైన ఎవరూ లేని వరుస నుంచే చూపించడం మొదలుపెడుతుంది పట్టిక. అలాంటి వరుస ఒక్కటీ దొరక్క తెల్లమొహం వేసింది.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు. నిజంగానే ఒక్క నిమిషంలో చేసేశాడు. కొంప మునిగింది అక్కడే. డైరెక్టరు గడి ఖాళీ చేయబోయి కంగారులో పెద్దాయన గడి ఖాళీ చేశాడు. పట్టిక తేరుకుంది. అందరికంటే పైన పెద్దాయన, ఆయన చాటున మూడొందల పదకొండు మంది. ఏదో ఒకటి కనపడింది కదా అని ప్రోగ్రామర్ ఊపిరి పీల్చుకుని, తన లీవు దరఖాస్తు పంపాడు.

దరఖాస్తులన్నీ పెద్దాయన ఫోనుకు రావడం మొదలైంది. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. ప్రతి ఒక్కరికీ ఆ నాలుగు ప్రశ్నలే వేశాడు. "పాప నాటకం" అన్న ప్రోగ్రామర్‌కు వెంటనే ఇచ్చాడు. తన లీవు తానే ఇచ్చుకోవడం అలవాటైన డైరెక్టరుది మాత్రం తిరిగొచ్చింది. "ఎందుకు? మళ్లీ ఎప్పుడు?"

డైరెక్టరు స్వయంగా గేటు దాకా వచ్చాడు.

"నన్నే అడుగుతావా?"

"అందర్నీ అడుగుతాను సార్. కార్లో వెళ్తారు కాబట్టి మీరే ఇన్నాళ్లూ తప్పించుకున్నారు."

డైరెక్టరు ఫోనులో పట్టిక తెరిచి ప్లస్ నొక్కి చూశాడు. పెద్దాయన కింద, కాస్త లోపలికి జరిగి, తాను కనిపించాడు. మెట్లెక్కి నేరుగా ప్రోగ్రామర్ మీదికి వెళ్లాడు.

"గంటలో పొద్దుటిలా లేకపోతే నీ సంగతి చెప్తా! సాయంత్రం ఐదింటికి దానికి తాళం వెయ్యి. ఏడాది దాకా ఎవడి వరుసా కదలడానికి వీల్లేదు!"

ప్రోగ్రామర్ ఉదయం దాచిన కాపీని ఎక్కించాడు. ఐదింటికి దానంతటదే తాళం పడే ఏర్పాటూ చేశాడు. డైరెక్టరు తన లీవు తాను ఇచ్చుకుని, ఫోను కట్టేసి వెళ్లిపోయాడు. మూడైంది.

"మీకు లీవు లేదు బాబూ," అన్నాడు పెద్దాయన.

"ఇందాక నువ్వే కదా ఇచ్చింది!"

"ఇచ్చాను. ఇప్పుడు లిస్టులో లేదు. ఎవరో తీసేశారు."

ఎవరో కాదు, తనే. ఉదయం కాపీలో మధ్యాహ్నం ఇచ్చిన లీవులు ఎలా ఉంటాయి? ప్రోగ్రామర్ నాలుక కరుచుకున్నాడు. అతని పైన ఉన్నది డైరెక్టరు ఒక్కడే. ఆయనకు ఫోన్ చేస్తే స్విచాఫ్. అంతలో భార్య నుంచి మెసేజ్. ముందు వరుసలో కుర్చీ పట్టి ఉంచిందట పాప. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, తన వరుసను తీసుకెళ్లి పెద్దాయన కింద పెట్టి, మళ్లీ దరఖాస్తు పంపాడు. కిందికొచ్చేసరికి గేటు తెరిచి ఉంది.

చెట్టు తన రెండు మాటలూ తడబడకుండా చెప్పింది. చెప్పాక ముందు వరుసకేసి రెండు కొమ్మలూ ఊపింది. ప్రోగ్రామర్ పట్టలేని సంతోషంతో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ సందట్లో ఐదు దాటి పట్టికకు తాళం పడిన సంగతి గుర్తు రాలేదు.

సోమవారం డ్యూటీ చార్టు వచ్చింది. ప్రోగ్రామర్, రెండో గేటు, రేపటి నుంచి ఉదయం ఆరింటికి. విజిల్ పెద్దాయన వద్ద తీసుకోవలెను.

అతను వెంటనే లీవుకు పెట్టాడు. నాలుగు ప్రశ్నలకూ అడక్కుండానే జవాబులు రాశాడు. నిమిషంలో తిరిగొచ్చింది.

"కారణం చాలదు బాబూ. వచ్చేటప్పుడు కార్డు మర్చిపోకండి."