ప్రభుత్వం వారి ప్రత్యామ్నాయం

"ప్రభుత్వానికి ప్రత్యామ్నాయం కావాలంటే దాన్ని కూడా ప్రభుత్వమే అందిస్తుంది. ఇందులో ప్రైవేటు వ్యక్తుల జోక్యాన్ని సహించేది లేదు!" అని సాంస్కృతిక మంత్రిగారు ప్రకటించగానే విలేకరులు చప్పట్లు కొట్టారు. మైకుసెట్టు నాదే కాబట్టి నేనూ కొట్టాను. అంత లోతైన మాట వెంటనే అర్థం కాలేదు. ఆయన మాటలు బుర్రకెక్కడానికి నాకు కొంత సమయం పడుతుంది.

దీనికంతటికీ కారణం మా మేనకోడలు. ముగ్గురు స్నేహితులతో కలిసి, నా స్పీకరు బాక్సులు పెట్టుకునే షెడ్డులో, ప్రతి శనివారం ఆల్టర్నేటివ్ రాక్ వాయిస్తుంది. మొదట్లో వినడానికి వాళ్ళ అమ్మలు వచ్చేవారు. తర్వాత అమ్మలు మానేశారు, జనం మొదలయ్యారు. షెడ్డు నిండి, సందు నిండి, ఎదురింటి మెట్లు కూడా నిండాయి. ఒక పత్రిక "ఎదుగుతున్న ప్రత్యామ్నాయ రాక్, వారం వారం పెరుగుతున్న జనం" అని వార్త వేసింది. తన ఫొటో లేని వార్తల్లో మంత్రిగారు శీర్షిక మాత్రమే చదువుతారు. కాలం విలువ తెలిసిన మనిషి.

"రాక్ అంటే ఏమిటయ్యా?" అని పీఏని అడిగారట.

"రాయి అండి."

"ప్రత్యామ్నాయం, పైగా రాళ్ళు కూడానా!"

మర్నాడే షెడ్డులో ప్రత్యక్షమయ్యారు.

"మీ నాయకుడెవరమ్మా?"

"ఎవరూ లేరండి. నలుగురం కలిసి చేసుకుంటాం" అంది మా పిల్ల.

"నాయకుడు లేకుండానే ఇంత జనమా! మా దగ్గర నాయకులు బోలెడుమంది. జనమే..."

పీఏ దగ్గాడు. మంత్రిగారి చూపు బేస్ గిటారు మీదికి మళ్ళింది. "దీనికి నాలుగు తీగలేనా? మిగతా రెండూ ఎవరు తినేశారు?"

దాని మీద విచారణకు ఆదేశించి, పాట వినిపించమన్నారు. జనం ఎగబడేది ముఖ్యంగా ఒక్క పాటకే. వాళ్ళమ్మని ప్రభుత్వ ఆస్పత్రిలో చేర్పించడానికి కౌంటరు ముందు పడిగాపులు పడ్డప్పుడు మా పిల్ల కట్టిన పాట. "కిటికీ ఇవతల మేమున్నాం, మా గొంతు వినబడుతోందా?" అని తను పాడుతుంది. "వినబడటం లేదు!" అని జనం అందుకుంటారు.

"మైకు సమస్యేగా, చిటికెలో తీరుస్తాం" అన్నారు మంత్రిగారు. పీఏ చెవిలో ఏదో ఊదాడు. "ఓహో, మనల్నా! అయితే ఆ పాట ఒక్కటీ పాడొద్దు. మిగతావి మా ప్రభుత్వం వారి ప్రత్యామ్నాయ సభలో పాడుకోండి, పెద్ద హాలు ఇస్తాం. కాదంటే ఈ షెడ్డుకు అనుమతులున్నాయో లేదో చూడాల్సొస్తుంది."

ఆయన వెళ్ళాక మా పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆ పాట లేకుండా జనం ముందు ఏ మొహంతో నిలబడను మావయ్యా?"

"హాలు ఏసీదే పిచ్చిదానా" అన్నాను. నాకు చేతనైన ఓదార్పు అదే. షెడ్డు పోకూడదని చివరికి ఒప్పుకుంది.

సభకు హాలు కిటకిటలాడింది. బ్యాండుని వెనకాల నిలబెట్టి మంత్రిగారు ముందు ప్రసంగం ఎత్తుకున్నారు. ఎంతకీ దించలేదు. చివరి వరసలో ఎవరో "వినబడటం లేదు!" అని రాగం తీశారు. అంతే, హాలు హాలంతా అందుకుంది. మా పిల్ల ఇచ్చిన మాటకు కట్టుబడి నోరు మెదపలేదు. డ్రమ్ముల కుర్రాడి మోకాలు మాత్రం తాళం వేస్తూనే ఉంది.

"సౌండు పెంచవయ్యా!" అన్నారు మంత్రిగారు నాతో.

పెంచాను. జనం ఇంకా పెంచారు. చివరికి నా బాక్సులోంచి పొగ వచ్చింది. ఆయన మాత్రం చలించకుండా ప్రసంగం పూర్తి చేశారు. బ్యాండుకి టైం మిగల్లేదు.

మర్నాడు ఇంకో ప్రకటన. తన ప్రసంగం వినబడక ప్రజలు ఎంత అల్లాడిపోతున్నారో స్వయంగా చూసి మంత్రిగారు చలించిపోయారు. వీధివీధికీ లౌడుస్పీకర్లు మంజూరు చేశారు. కాంట్రాక్టు నాకే ఇచ్చారు. ఊళ్ళోని వైర్లన్నీ తెచ్చి మా షెడ్డులో ఒకే మీటకి కలిపాను.

శనివారం మా పిల్ల ఆ మీట చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఇది నొక్కితే ఊరంతా వినబడుతుందా మావయ్యా?"

"మంత్రిగారి ఆఫీసులో కూడా. కానీ ఆయన మాట్లాడేటప్పుడే నొక్కాలి."

"ఈవేళ మాట్లాడతారా?"

"లేదు. ఊరికే పడి ఉంటుంది."

తను గిటారు వైరు నా చేతికిచ్చింది. ఎందుకో "దాన్ని కూడా ప్రభుత్వమే అందిస్తుంది" అన్న ఆయన మొదటి ప్రకటన గుర్తొచ్చింది. వైరు తగిలించి, మీట నొక్కాను.

ఎవరేమన్నా సరే, మంత్రిగారు అన్నమాట నిలబెట్టుకునే మనిషి.