పద్దెనిమిది టైర్ల డబ్బా

మహర్నవమి రోజు పొద్దున జ్యోతిరాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు భూమవ్వ ఆయుధ పూజకు బంతిపూలు తేవడానికి అంగడికి పోతుంది. భర్త మధుకర్ వాకిట్లో స్కూటర్ కడుగుతూ ఉంటాడు. ఆ సందులో తాను గదిలో చేరి, కంప్యూటర్ డబ్బా విప్పి, తెర మీద బొమ్మలు నడిపే పాత గ్రాఫిక్స్ కార్డు పీకి, కొత్తది పెట్టి, ఏమీ ఎరగనట్టు పులిహోరకు చింతపండు నానబెడుతుంది. యూట్యూబులో ఒక కుర్రవాడు ఈ పనంతా చాయ్ తాగుతూ ఒంటిచేత్తో చేసి చూపించాడు. బోధన్‌లో ఇన్నేళ్ళుగా తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్న మనిషికి అదెంత పని?

ఆ డబ్బా కూతురు సింధూజ కట్టుకున్నది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒక్కో ముక్కా తెప్పించుకుని, ఇదే గదిలో నేలమీద కూర్చుని బిగించింది. ఉద్యోగానికి పుణె పోతూ, "మమ్మీ, అప్పుడప్పుడు దుమ్ము దులుపు చాలు" అంది. జ్యోతిరాణి దులిపింది. దులుపుతుంటే చెయ్యి తగిలి ఆన్ అయింది. అందులో ఒక లారీ ఉంది.

అంతే. సొంతంగా స్కూటీ కూడా నడపలేని జ్యోతిరాణి, తలుపు గొళ్ళెం పడిందంటే పద్దెనిమిది టైర్ల లారీ ఎక్కి యూరప్ అంతా సరుకు దింపి వస్తుంది. సింధూజ వదిలిపోయిన చిన్న స్టీరింగును బల్లకు బిగించుకుంటుంది, పని అయ్యాక బీరువాలో పట్టుచీరల కింద దాస్తుంది. ఇంట్లో వాళ్ళకు "ఆన్‌లైన్ ట్రైనింగు" అని చెప్పింది. టీచర్లకు ఎప్పుడూ ఏదో ఒక ట్రైనింగు నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ఇన్ని ట్రైనింగులు అయినా ఈమెకు ప్రమోషన్ రాదేమని భూమవ్వ మాత్రం అప్పుడప్పుడు బాధపడేది.

ఆ ఆటలో ఆమెకు తోటి డ్రైవర్లున్నారు. అందరూ ఈ జిల్లా కుర్రవాళ్ళే. ఆమె పేరు వాళ్ళకు 'జేఆర్' అనే తెలుసు. మైకు ఎప్పుడూ పెట్టదు, టైపు చేస్తుంది, అందువల్ల జేఆర్ అన్న అయిపోయింది. ఈ సాయంత్రం అయిదింటికి వాళ్ళ దసరా కాన్వాయ్. అన్ని లారీలూ వరుసకట్టి పోతాయి. ముందు బండి జేఆర్ అన్నదని అందరూ తీర్మానించారు. జ్యోతిరాణిని పుట్టిన తర్వాత ఎవరూ దేనికీ ముందు నిలబెట్టలేదు. బళ్ళో గ్రూపు ఫోటోలకు కూడా, పొడుగ్గా ఉందని వెనక వరుసలోకే తోసేవారు. పాత కార్డు అన్ని లారీలను ఒకేసారి చూపలేక తెర బిగుసుకుపోతోందని, స్కూలు ముఖం చూడని ఈ సెలవుల్లో కొత్త కార్డు తెప్పించింది.

కొత్త కార్డు ఇటుకంత ఉంది. దాన్ని జాగాలో పెట్టి నొక్కితే టక్కున కూర్చుంది. స్క్రీను వైరు వెనక దూర్చి, బటన్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. ఎర్రవీ నీలంవీ లైట్లు పెళ్ళిపందిరిలా వెలిగాయి. స్క్రీను మాత్రం నల్లగా ఉంది. 'సిగ్నల్ లేదు' అని ఒక్క ముక్క చెప్పి అదీ పడుకుంది.

సింధూజకు ఫోన్ చేసింది.

"మమ్మీ, నువ్వు డబ్బా ఎందుకు ఇప్పినవ్?" అంది సింధూజ. పక్కన ఆఫీసు చప్పుడు వినబడుతోంది.

"దుమ్ము దులుపుమన్నవ్ గదా బిడ్డా."

"దుమ్ము దులిపితె కొత్త కార్డు వస్తదా? సరే తియ్, ఆ ర్యామ్ ముక్కలు పీకి, రబ్బరుతోని రుద్ది, మల్ల పెట్టు. మీటింగుల ఉన్న. తర్వాత చేస్త."

జ్యోతిరాణి పెన్సిలు చెరిపే రబ్బరు తెచ్చి, ర్యామ్ అంచులను తప్పు లెక్క చెరిపినంత శ్రద్ధగా రుద్దింది. మళ్ళీ పెట్టింది. ఈసారి డబ్బా కీచు కీచుమని అరిచింది. ఇంతకుముందు మాట్లాడనిది ఇప్పుడు కనీసం తిడుతోంది కదా అని సంతోషించి, ఇంకా గట్టిగా నొక్కింది. అరుపు ఆగింది. బొమ్మ మాత్రం రాలేదు. చిన్న స్క్రూ ఒకటి జారి డబ్బా అడుగున ఎక్కడో పడింది. దానికోసం తల లోపల పెట్టింది. అప్పుడే ఫోనులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. రెండు చేతులూ ఖాళీ లేక మోచేత్తో నొక్కింది.

ఆటలో తోటి డ్రైవరు, మెండోర కుర్రవాడు ప్రేమ్ గొంతు గదంతా మోగింది. "జేఆరన్నా, లోడు ఎక్కిచ్చుకున్నరా? మీ లారీ బార్డర్ కాడ్నే ఉంచుండ్రి. అయిదింటికి మేమందరం మీ ఎనుకనే ఉంటం. మీరు కదిల్తెనే మేం కదిలేది."

"ఎవలదే లారీ?" అని వెనకనుంచి వినిపించింది.

పూల సంచితో భూమవ్వ నిలబడి ఉంది. స్క్రూడ్రైవరుకోసం బయటికి పోయివచ్చినప్పుడు గొళ్ళెం పెట్టడం జ్యోతిరాణి మరిచిపోయింది.

"నాదే అత్తమ్మా," అంది జ్యోతిరాణి, తల లోపలే ఉంచి. ధ్యాసంతా స్క్రూ మీద ఉంది.

"నీదా! ఏడున్నది?"

"బార్డర్ కాడ ఆగింది. ఇది నడిస్తె గాని అది కదలది."

బోధన్‌లో ఉండేవాళ్ళకు బార్డర్ అంటే ఒకటే. సాలూర దాటితే మహారాష్ట్ర. కాగితాల పని తేలని లారీలు అక్కడ ఆగుతాయి. కాగితాల పనంతా ఇప్పుడు కంప్యూటర్లలోనే జరుగుతుంది. భూమవ్వ పింఛనుకు వేలిముద్ర వేసేదీ అందులోనే. లెక్క ఎక్కడా తప్పకుండా సరిపోయింది.

"ఓ మధూ!" అని వాకిట్లోకి కేక వేసింది భూమవ్వ. "నీ పెండ్లాం లారీ కొన్నదిరా! సాలూర కాడ ఆగిందట!"

జ్యోతిరాణి తల పైకెత్తబోయి డబ్బా అంచుకు కొట్టుకుంది. అదే సరైన సమయం. "అది ఆట" అని రెండు మాటలు అంటే అక్కడితో అయిపోయేది. అనబోయింది. కానీ భూమవ్వ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "మీ మామ జిందగంత ఫ్యాక్టరీకి ఎడ్లబండి మీద చెరుకు తోలిండు. మనింటికి లారీ వచ్చింది సూసెతందుకు లేడాయె," అంటోంది. పైగా, యాభైకి దగ్గరపడిన లెక్కల టీచరు తలుపు మూసుకుని లారీ ఆట ఆడుతుందని చెప్పడం కన్నా, లేని లారీకి ఓనరు కావడమే పరువుగా తోచింది జ్యోతిరాణికి. సాయంత్రం దాకా నెట్టుకొస్తే చాలు, తర్వాత ఏదో ఒకటి చెప్పవచ్చు అనుకుంది.

మధుకర్ సబ్బు చేతులతో లోపలికి వచ్చాడు. పదేళ్ళుగా అతను ఇన్సూరెన్సు ఏజెంటు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"లారీ కొన్నవు, నాకు చెప్పలె. సరే," అన్నాడు. "ఇన్సూరెన్సు ఎవలతోని చేపిచ్చినవ్?"

"ఇంకా చేపియ్యలె."

మధుకర్ ముఖం వికసించింది. కాసేపటికి మళ్ళీ ముడుచుకుంది. "ఇన్సూరెన్సు లేకుంట రోడ్డెక్కిచ్చినవా? పోలీసోల్లు ఆపరా మరి? లెక్కల టీచరువు గాని లోకం లెక్క తెల్వది నీకు. ఉండు, ఫారాలు తెస్త."

అతను ఫారాలకు పోయాడు. భూమవ్వ ఫోను తీసుకుని అరుగు మీద కూర్చుంది. ఆమె రహస్యం చెబుతున్నానని చెప్పి మాట్లాడినా నాలుగిళ్ళకు వినబడుతుంది.

జ్యోతిరాణి గొళ్ళెం పెట్టి మళ్ళీ పనిలో పడింది. గుండ్రటి బ్యాటరీ తీసి పెట్టింది. అన్ని వైర్లూ పీకి పెట్టింది. ఒక వైరు ఎక్కువ వచ్చింది. ఎక్కడిదో తెలియక దాన్ని ఒక మూలకు మడిచి పెట్టి, బటన్ నొక్కితే ఫ్యాన్లే తిరగలేదు. పీకినవన్నీ మళ్ళీ పీకి, ఆ వైరుకు ఇల్లు వెతికిపెట్టేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. లైట్లు వెలిగాయి. స్క్రీను నల్లగానే ఉంది. అంటే పొద్దున ఎక్కడ ఉందో, ఇంత చాకిరీ చేసి, సరిగ్గా అక్కడికే వచ్చి చేరింది.

అప్పటికి వాకిట్లో చెప్పులు పెరిగాయి. కమ్మర్‌పల్లి నుంచి మధుకర్ చిన్నాయన కొడుకు ఎర్రన్న, మొక్కజొన్నల సంచి ఒకటి భుజాన వేసుకుని దిగాడు.

"వదినె, సంచి మచ్చుకు తెచ్చిన. కల్లంల కుప్ప అట్లనే ఉన్నది, మొగులు సూస్తె వాన పడ్తదని నిద్ర పడుత లేదు. దసరకు ఒక్క లారీ దొరుకుత లేదు. నీ బండి ఎన్ని టన్నులు లాగుతది?"

"ఇరవై రెండు," అంది జ్యోతిరాణి. అది నిజమే. ఆమె నిజం చెప్పినప్పుడల్లా ఇంకో చిక్కు వచ్చి పడుతోంది.

"ఇరవై రెండా! పెద్దమ్మా, ఇన్నవా? నా ఒక్కనియి గాదు, మా వాడకట్టు మక్కలన్ని పడ్తయి!" అని ఎర్రన్న కూడా ఫోను తీశాడు.

అతని వెనకే బాపురావు వచ్చాడు. సందు చివరింటి మనిషి, ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. లారీని సాలూర నుంచి తెచ్చేందుకు భూమవ్వే పిలిపించింది. పాత ఖాకీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు.

"కాయ్ ఝాలా, ఏమైంది టీచరమ్మా? తాళంచెవి ఇయ్యుండ్రి, గంటల తెస్త. రిటైరైన కాన్నుంచి మా పోరగాండ్లు నన్ను స్కూటరు గూడ ముట్టనిస్త లేరు," అన్నాడు. చేతులు అప్పటికే గాలిలో ఏదో పట్టుకుని ఉన్నాయి.

"తాళంచెవి లేదన్నా. బటన్ స్టార్ట్," అంది జ్యోతిరాణి నీరసంగా.

"కొత్త మోడలు!" అన్నాడు బాపురావు ఎర్రన్నతో, భక్తిగా.

నాలుగున్నర దాటింది. ప్రేమ్ నుంచి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. అందరూ వచ్చేశారట, ముందు జాగా ఒక్కటే ఖాళీగా ఉందట. జ్యోతిరాణికి ఏడుపు వచ్చింది. ఇంట్లో ఇంతమందికి చెప్పిన అబద్ధం గురించి కాదు. ఆ ఖాళీ జాగా గురించి.

తలుపు దబదబ బాదారు. తీసేసరికి భూమవ్వ, వెనక మధుకర్, ఎర్రన్న, బాపురావు. భూమవ్వ చేతుల్లో బూడిద గుమ్మడికాయ, కొంగులో నిమ్మకాయలు.

"వర్జం రాకముందే పూజ గావాలె. లారీ ఆడ ఆగితె ఆగనియ్యి, దాన్ని నడిపేది గీ డబ్బానే అంటివి గదా. దీనికే చేద్దాం. గదేంది, దక్షిణం దిక్కు పెట్టినవ్? గిట్ల పెడితె నడుస్తదానే? తూర్పుకు తిప్పు మధూ!"

"వద్దు అత్తమ్మా, వైర్లు..." అనేలోపే మధుకర్ డబ్బాను ఎత్తి తిప్పేశాడు. దాని వీపు జ్యోతిరాణి ముఖానికి ఎదురుగా వచ్చింది.

కొత్త కార్డు అడుగున ఉంది. దానికి వైర్లు పెట్టే కంతలన్నీ ఖాళీగా, మూతలతో సహా అలాగే ఉన్నాయి. స్క్రీను వైరు పైన, కార్డుతో ఏ సంబంధమూ లేని ఇంకో కంతలో హాయిగా కూర్చుని ఉంది. పొద్దున దాన్ని అక్కడ దూర్చింది ఎవరో కాదు. ర్యామ్ రుద్ది, బ్యాటరీ పీకి, వైర్లన్నీ విప్పిన మనిషే. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసే పిల్లలను జ్యోతిరాణి బెంచీ ఎక్కిస్తుంది. గదిలో ఎక్కడానికి మంచం ఒక్కటే ఉంది.

ఎవరూ చూడట్లేదనుకుని వైరు పీకి కార్డుకు పెట్టింది. ఒక్కసారిగా స్క్రీను భళ్ళున తెల్లవారి, ఎప్పటిలాగే ఆట దానంతటదే తెరుచుకుంది. నీలం కొండలు, తడిసిన రోడ్డు, ఆ రోడ్డు మీద ఎర్రగా నిగనిగలాడే లారీ. అద్దంలో ఎండ పడి మెరుస్తోంది. వెనక వరుసగా మిగతా లారీలు.

అందరూ స్క్రీను ముందుకు తోసుకొచ్చారు.

"గిదా లారీ?" అన్నాడు మధుకర్. చేతిలో ఫారాలు అలాగే ఉన్నాయి.

"గిదే," అంది జ్యోతిరాణి.

"ట్రైనింగు?"

"గదీ గిదే."

"వదినె, మరి నా మక్కలు?" అన్నాడు ఎర్రన్న. అతను వాడకట్టు వాళ్ళకు మళ్ళీ ఫోన్ చేయడానికి బయటికి పోయాడు.

భూమవ్వ స్క్రీను దగ్గరికి వంగి చూసింది. జ్యోతిరాణి తల వంచుకుంది. తిట్లకోసం ఎదురుచూసింది.

"ఉత్తదే గానీ, అందంగున్నది," అంది భూమవ్వ. "పూజకని తెచ్చిన గుమ్మడికాయ మల్ల కూరకు వండితె కీడు. దిష్టి తియ్యాలె. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాలె. దీని టైర్లేవి?"

స్క్రీనులోని టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే మార్గం లేదు. భూమవ్వ చుట్టూ చూసి, జ్యోతిరాణి కూర్చునే కుర్చీకి చక్రాలుండటం గమనించింది. ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టి, డబ్బాకు పసుపు కుంకుమ దిద్ది, గుమ్మడికాయతో దిష్టి తీసి, హారతిచ్చింది. స్టీరింగు కూడా ఉందని తెలిసి అడిగితే, జ్యోతిరాణి పట్టుచీరల కిందనుంచి తీసి బల్లకు బిగించింది. గడియారం అయిదు కొట్టబోతోంది. జ్యోతిరాణి కుర్చీ వైపు అడుగు వేసింది.

"ఆగు," అంది భూమవ్వ. "పూజైన బండిని మొదలు హస్తవాసి ఉన్నోడు నడపాలె. బాపురావన్నా, కూసో."

బాపురావు చెప్పులు బయట విడిచి వచ్చాడు. స్టీరింగును తాకి కళ్ళకద్దుకున్నాడు. కూర్చుంటే నిమ్మకాయలు పచక్కున చితికాయి. "స్టీరింగు ఎడమ దిక్కున్నదేంది? ఎవడు బిగిచ్చిండు దీన్ని?" అంటూనే గేరు వేశాడు. జ్యోతిరాణి చేసేది లేక తన హెడ్‌ఫోను అతని తలకు తగిలించింది.

"జేఆరన్నా! రడీయా?" అన్న ప్రేమ్ కేక హెడ్‌ఫోను దాటి బయటికి వినబడింది.

"అందరు ఎక్కిండ్రా? రైట్ రైట్!" అన్నాడు బాపురావు, పాతికేళ్ళు బస్సు నడిపిన గొంతుతో.

అవతల చప్పట్లు. "అన్నా, ఇన్నొద్దుల్నుంచి మైకు పెట్టమంటె పెట్టకపోతిరి! మేం అనుకున్న గొంతు ఇదే అన్నా! సేమ్ ఇదే!"

బాపురావు అద్భుతంగా నడిపాడు. మలుపుల్లో ఒక్క రాయి కూడా తాకలేదు. కాకపోతే రోడ్డు పక్కన ఎక్కడ బస్టాపు కనబడినా అలవాటు కొద్దీ ఆపేవాడు. వెనక లారీలన్నీ వరుసగా ఆగేవి. ఎందుకు ఆగామని ఒక్కరూ అడగలేదు. లీడరు ఆపాడంటే ఏదో ఉంటుంది. మధుకర్ కుర్చీ వెనక నిలబడి, ఏ లారీ ఎంత దగ్గరగా వస్తోందో చూసి, ఇన్సూరెన్సు లేకుంటే ఏమయ్యేదో వివరిస్తున్నాడు. ఫోన్ ముగించి వచ్చిన ఎర్రన్న మక్కల బాధ మరిచి "హారన్ కొట్టు మామా, హారన్" అంటున్నాడు. భూమవ్వ కోడలి భుజం తట్టి, "మంచి బండే తెచ్చినవ్ బిడ్డా. పొయ్యి అందరికి చాయ్ పెట్టు," అంది.

కాన్వాయ్ ముగిశాక కుర్రవాళ్ళందరూ కలిసి జేఆర్ అన్నను శాశ్వత లీడరుగా ఎన్నుకున్నారు. ఆ విషయం జ్యోతిరాణికి వంటింట్లో తెలిసింది.

దసరా మర్నాటి నుంచి బాపురావు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలో, టిఫిన్ డబ్బాతో, పొద్దున్నే ఆ కుర్చీలోకి డ్యూటీకి వస్తున్నాడు. కొత్త కార్డుతో బొమ్మ చాలా బాగుందట.