ఉపమంత్రిగారి మోచెయ్యి

నీటి సరఫరా మంత్రిగారు విలేకరులను పిలిచి ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"అభివృద్ధి ఎక్కడా కనబడటం లేదని ప్రజలంటున్నారు. నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ కనబడకపోవడానికి కారణం అభివృద్ధి లేకపోవడం కాదు, టీవీ ప్రకటనల్లో స్పష్టత లేకపోవడం! ఇకమీదట ప్రభుత్వ ప్రకటనలన్నీ హెచ్‌డీలో వస్తాయి."

చప్పట్లు మోగాయి. పక్కనే ఉన్న ఉపమంత్రిగారు అందరికంటే ముందు మొదలుపెట్టి, అందరూ ఆపాక కూడా కాసేపు కొట్టారు. ఉపమంత్రి అన్నాక ఆ మాత్రం బాధ్యత ఉండాలి.

మొదటి హెచ్‌డీ ప్రకటన తయారైంది. పేరు 'ఇంటింటికీ కుళాయి'. మంత్రిగారు కుళాయి తిప్పుతారు. నీళ్ళు ధారగా దూకుతాయి. వెనక వరసగా నిలబడ్డ నాయకులు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతారు. ఆ వరసలో కుడివైపు చివరాఖరి మనిషి మన ఉపమంత్రిగారు. త్వరలో మంత్రివర్గాన్ని మారుస్తారని చెప్పుకుంటున్నారు. జనం కళ్ళలో పడ్డవాడికే పదవి అని పార్టీ పెద్దలు తేల్చేశారు. ఈసారి తన పదవికి ముందున్న ఆ 'ఉప' ఊడకపోతే ఇక ఈ జన్మకు ఊడదని ఆయనకు బెంగగా ఉంది.

ప్రకటన వచ్చే సాయంత్రం అత్తవారి వైపు వాళ్ళందరినీ పిలిచి హాల్లో కూర్చోబెట్టారు. ఆ ఇంట్లో ఉన్నది మామగారిచ్చిన పాతకాలపు డబ్బా టీవీ. దాన్ని మార్చే ధైర్యం ఆయనకు ఏనాడూ లేదు.

మంత్రిగారొచ్చారు. కుళాయొచ్చింది. నీళ్ళొచ్చాయి. ఉపమంత్రిగారు మాత్రం రాలేదు.

"ఏమండీ, మీరేరీ?" అంది భార్య.

అత్తగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "చివర్లో ఎవరిదో మోచెయ్యి కనబడింది. అది మీదేనా అల్లుడుగారూ?"

"నాదే," అన్నారాయన.

"మోచెయ్యి బాగా పడింది," అన్నారు అత్తగారు, పెద్ద మనసు చేసుకుని.

తెల్లారేసరికి ఆయన నియోజకవర్గమంతా గుప్పుమంది. ప్రకటనలోంచి తీసేశారట, ఇక పదవిలోంచి తీసెయ్యడమే తరువాయట. అక్కడి ఇళ్ళలో ఉన్నవన్నీ డబ్బా టీవీలే. పాపం, ఉపమంత్రిగారు టిఫినైనా ముట్టకుండా ఛానెల్ ఆఫీసుకు పరిగెత్తారు.

"హెచ్‌డీ బొమ్మ వెడల్పుగా ఉంటుంది సార్," అన్నాడు ఎడిటర్, తెరమీంచి చూపు తిప్పకుండానే. "డబ్బా టీవీలో పట్టదు. అందుకని వాటికి పంపేటప్పుడు రెండు పక్కలా కోసేస్తాం."

"అక్కడ మనుషులున్నారో లేరో చూసుకోకుండానే?"

"కోసేది మెషీను సార్. దానికి మీరైనా ఒకటే, గోడైనా ఒకటే."

"అయితే బొమ్మ మొత్తం పట్టేలా కుదించవయ్యా!"

కుదించారు. ఉపమంత్రిగారు నఖశిఖపర్యంతం తెరమీదికొచ్చారు. కాకపోతే బొమ్మకు పైనా కిందా నల్లపట్టీలు వచ్చాయి. అరగంట తిరక్కుండా మంత్రిగారి ఫోను.

"ఏమయ్యా, నా నెత్తిమీద ఆ నలుపేమిటి? నేను పోయాననుకుని పరామర్శకు ఫోన్లు చేస్తున్నారు!"

పట్టీలు తీసేసి, బొమ్మను రెండు పక్కలనుంచీ నొక్కారు. అందరూ పట్టారు కానీ మంత్రిగారు పుల్లలా తేలారు. నీటి మంత్రికే నీళ్ళు దొరక్క ఎండిపోయాడని ప్రతిపక్షం ఎద్దేవా చేసింది. మళ్ళీ ఫోను. ఈసారి మంత్రిగారు వాడిన మాటలు అచ్చువేయడం మర్యాద కాదు.

ఇంకొకరైతే చతికిలబడేవారే. మన ఉపమంత్రిగారు కనుక ఆలోచించారు. బొమ్మను మార్చే వీల్లేదు. మంత్రిగారిని మార్చే వీలు అసలే లేదు. ఇక మార్చగలిగినవి ప్రజల టీవీలే! ఆహా, ఏం బుర్రండీ! నియోజకవర్గంలో ప్రతి ఇంటికీ ఉచితంగా హెచ్‌డీ టీవీ ఇవ్వాలని అక్కడికక్కడే పథకం రాసిపారేశారు.

"డబ్బెక్కడిది?" అన్నారు మంత్రిగారు.

"కుళాయి గొట్టాలకని కేటాయించింది అలాగే ఉంది కదండీ. గొట్టాలు తీసుకెళ్ళి భూమిలో పాతితే ఎవరికి కనబడతాయి? టీవీ అయితే నట్టింట్లో ఉంటుంది."

ఈ మాటకు మంత్రిగారు కరిగిపోయారు. ఆ ఊపులోనే ప్రకటన నిడివి కూడా రెట్టింపు చేయించారు.

టీవీలు పంచడం పూర్తయ్యాక, ఓటర్లతో కలిసి ప్రకటన చూడాలని ఉపమంత్రిగారు ఒక వీధికి వెళ్ళారు. ఓ ఇంట్లో గోడకు టీవీ, దాని ముందు వీధిలోని జనమంతా. అందరూ సీరియల్లో మునిగిపోయి ఉన్నారు. ఈయనకు కుర్చీ వేశారు గానీ ఎవరూ తల తిప్పలేదు. ఇంతలో బ్రేక్ వచ్చింది. 'ఇంటింటికీ కుళాయి' మొదలైంది. అంతే, గదిలో ఉన్నవాళ్ళంతా గభాలున లేచి, గోడవారనున్న బిందెలు అందుకున్నారు.

"ఎక్కడికమ్మా అందరూ?"

"నీళ్ళకండీ," అంది ఆ ఇంటి కోడలు. "పక్కవీధి దాకా పోవాలి. ఇదివరకు బ్రేక్‌లో ఒక్క బిందే దొరికేది. మీ పుణ్యమా అని ప్రకటన పొడుగైంది, ఇప్పుడు రెండు తెచ్చుకుంటున్నాం."

గది ఖాళీ అయింది. మోకాళ్ళు పట్టేసి కదల్లేని ముసలమ్మ ఒక్కతే మంచమ్మీద మిగిలింది. ఉపమంత్రిగారికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఒక్క ఓటైనా ఓటే కదా అని లేచి టీవీ ముందుకెళ్ళారు.

"ఇదిగో పెద్దమ్మా, ఈ చివరున్నది నేనే. ఇక్కడ నిండైన మనిషి ఉండాలని డైరెక్టరు ఏరికోరి నన్ను నిలబెట్టాడు."

"మీసంలో తెల్లవెంట్రుక కూడా కనబడుతోంది నాయనా!" అంది ముసలమ్మ. ఉపమంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ఎన్నాళ్ళకు ఒక ఓటరు ఆయన్ను నిండుగా చూసింది!

ముసలమ్మ ఇంకాస్త ముందుకు వంగింది. "నీ వెనకున్నదేమిటి? ఆ సొట్ట... ఆ ఎర్రగుడ్డ కట్టిన గొట్టం... అది మంత్రి కుళాయి దాకా పోయిందే!" అని, వీధిలోకి గొంతెత్తి ఒక్క కేక పెట్టింది. "ఒసే కోడలా! అందరూ వెనక్కి రండే! మన వీధికి రావడం మానేసిన ట్యాంకరు దొరికింది! టీవీలో ఉంది!"

బిందెలతో సహా వీధి మొత్తం లోపలికి విరుచుకుపడింది. ప్రకటన ఇంకా నడుస్తూనే ఉంది. ఒక్కరూ రెప్ప వెయ్యడం లేదు. ఇంతమంది తన ప్రకటన కోసం ఎగబడి రావడం చూసి ఉపమంత్రిగారి గుండె పొంగింది. టీవీకి ఇంకొంచెం దగ్గరగా జరిగి, రెండు చేతులూ జోడించి నిలబడ్డారు.

"అయ్యా, మీరు కాస్త పక్కకు జరగండి," అంది బిందె చంకనెత్తుకున్న కోడలు. "ట్యాంకరు కనబడటం లేదు."