సంపులో కోరం

రోగాలు తెచ్చే బ్యాక్టీరియాను ఎవరైనా తిడితే నాకు ఒళ్లు మండుతుంది. ఐకమత్యం, పట్టుదల, సమయపాలన నేర్పించమని పిల్లల్ని ఎక్కడెక్కడికో పంపి ఫీజులు పోస్తున్నారు కదా! ఎందుకండీ ఆ శ్రమ? మా అపార్ట్‌మెంట్ నీళ్లు ఒక్క గ్లాసు తాగించండి. గురువులే స్వయంగా కడుపులోకి వచ్చి పాఠం చెబుతారు.

నవ్వకండి. నేను అనుభవం మీద చెబుతున్నాను.

పేగులోకి దిగిన బ్యాక్టీరియా ముందుగా చేసే పని గోడ పట్టుకోవడం. ఒంటినిండా సన్నటి నూగు, ఆ నూగు కొసన జిగురు. పైనుంచి ఎంత వరద వచ్చినా పట్టు వదలదు. కుదురుకున్నాక మన ఒంట్లో ఇనుము లాక్కుని తింటుంది. తెల్లకణాలు పోలీసుల్లా తరుముకొస్తే జిగట దుప్పటి కప్పుకుని జారుకుంటుంది. మనం ఒక ఫోను కాల్ ముగించేలోగా అది రెండవుతుంది. మీ ఆఫీసులో ఇంత పనిమంతుడు ఒక్కడున్నాడా?

అన్నిటికన్నా గొప్ప సంగతి ఇంకొకటుంది. వీటిలో కొన్ని జాతులు ఒంటరిగా ఎగిరిపడవు. ఎంతమందిమి చేరాం అని ఒకదానికొకటి రసాయనాలతో కబురు పంపుకుంటాయి. సరిపడా జనం పోగయ్యాకే విషం వదులుతాయి. ఆ లెక్కకు శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరేమిటో తెలుసా? కోరం!

ఆ మాట చదవగానే నా కళ్లు చెమర్చాయి. నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శిని. బిల్డింగు కట్టిన నాటినుంచి మాకు ఒక్కసారి కోరం కుదిరిన పాపాన పోలేదు.

మా నీళ్ల సంపును ఆనుకుని మురుగు పైపు పోతుంది. సంపు గోడ ఎప్పుడో పగిలింది. నీళ్లు వాసన వేస్తున్నాయని మూడో అంతస్తు ట్యూషన్ టీచరమ్మ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరం బొటనవేలు చూపించాం. ఒకాయన గులాబీ పువ్వుతో శుభోదయం కూడా చెప్పాడు. మూడింట రెండు వంతుల సభ్యులు హాజరైతే తప్ప సంపు మూత కూడా తీయకూడదని మా నిబంధన. సమావేశం పెడితే నేనూ, అధ్యక్షుడైన రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారూ, బోలెడన్ని కుర్చీలూ వచ్చాం. రెండోసారి పెడితే వకీలుగారు వచ్చి, పగులు భూమిలో ఉంది కాబట్టి ఆ బాధ్యత కింది అంతస్తు వాళ్లదేనన్నాడు. కింది అంతస్తాయన, నీళ్లు ఎక్కేది పైకే కాబట్టి పైవాళ్లదేనన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయముందని వాయిదా వేశాం.

సంపులో మాత్రం వాయిదాల్లేవు. పైవాళ్లు, కిందివాళ్లు అన్న భేదం అక్కడ ఎవరికీ లేదు. ఎవరింట్లో కుళాయి తిప్పినా అందరూ హాజరు! వారం తిరక్కుండానే బిల్డింగు బిల్డింగంతా కడుపులు పట్టుకుని బాత్‌రూముల ముందు బారులు తీరింది. వకీలుగారూ కింది అంతస్తాయనా ఒకే ఆటోలో, ఒకరి భుజం మీద ఒకరు వాలి ఆస్పత్రికి వెళ్లారు. ఇంతటి సామరస్యం ఏ మహానుభావుడు తేగలడు చెప్పండి?

మా అక్కయ్య మాత్రం ఆ సామరస్యాన్ని చూసి ఆనందించే స్థితిలో లేదు. కంటి పరీక్షకని నాలుగు రోజులుండి పోవడానికి మా ఇంటికి వచ్చి మా నీళ్లే తాగింది. అమ్మ పోయాక నన్ను పెంచి పెద్దచేసిన మనిషి. ఈ విషం పేగు గోడల్ని ఏమార్చి ఒంట్లో నీళ్లన్నీ తోడేస్తుందనీ, అక్కయ్య మూత్రపిండాలు ఇప్పటికే మొరాయించాయనీ డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రంలోగా మూత్రం రాకపోతే డయాలసిస్ మెషిన్‌కి ఎక్కించాలట, ఈ వయసులో ఏ భరోసా ఇవ్వలేనంది. ఒక్క చెంచాడు మూత్రం కోసం నేను అంతమంది దేవుళ్లకు మొక్కుకుంటానని కలలో కూడా అనుకోలేదు.

అప్పుడే అధ్యక్షుడుగారు సెలైన్ స్టాండు తోసుకుంటూ వచ్చి వార్డంతా కలయజూశాడు. ఏ మంచం మీద చూసినా మావాళ్లే. వేలు ఆడిస్తూ లెక్కపెట్టుకున్నాడు. నీరసించిన ఆ మొహం వెలిగిపోయింది.

"కోరం ఉంది," అన్నాడు.

పడుకున్నవాళ్లం పడుకున్నట్టే సమావేశం మొదలుపెట్టాం. సంపు బాగుచేయించాలన్న తీర్మానానికి వకీలుగారు ఒక సవరణ ప్రతిపాదించాడు. కింది అంతస్తాయన ఆ సవరణకు సవరణ తెచ్చాడు. వాదన ముదిరి టీచరమ్మ సూది ఊడిపోయేదాకా వచ్చింది. ఇంతలో నర్సు వచ్చి, అక్కయ్యకు మూత్రం వచ్చిందని చెప్పింది. వార్డంతా చప్పట్లు! నేను సిగ్గు విడిచి ఏడ్చేశాను.

అక్కయ్య మెల్లగా కళ్లు తెరిచి మంచాల వరస ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఒరే తమ్ముడూ, ఇంతమందీ కలిసి మంచాలెక్కారే. కలిసి ఆ సంపు మూత ఒక్కటి ఎత్తి చూడలేకపోయారట్రా?"

వకీలుగారు గోడవైపుకు తిరిగి పడుకున్నాడు. చివరికి అధ్యక్షుడుగారే గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారు అడిగింది చాలా ముఖ్యమైన విషయం. ఇళ్లకు వెళ్లాక దీనిమీద ప్రత్యేకంగా ఒక సమావేశం పెట్టుకుందాం. సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి."

చేతులన్నీ ఒక్కసారే లేచాయి. అలవాటు కొద్దీ నాదీ లేచింది. అక్కయ్య నా చేతివైపే చూస్తోంది.