మేనేజరు కుర్చీలో ఒక పూట

మధ్యాహ్నం సెలవు పెట్టి మనవరాలి నాటకానికి వెళ్ళాలి. పెద్ద గుమస్తా ఆ ఉదయం అనుకున్నది ఇంతే. భార్య పోయాక చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఇవాళ కాలరు మాడలేదు. అదే పదివేలు అనుకున్నాడు.

మేనేజరు నిన్ననే శిక్షణ నుంచి ‘పర్‌స్పెక్టివ్’ అనే మాట పట్టుకొచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు.

"సెలవా? నా పర్‌స్పెక్టివ్‌లోంచి కూడా చూడాలి కదండీ!"

"అంటే ఏంటి సార్?"

"దృక్కోణం. ఎదుటివాడి చోట కూర్చుని చూడ్డం. మీరు నా కుర్చీలో కూర్చోండి, నేను మీ కుర్చీలో. సెలవు ఇవ్వచ్చో లేదో కాసేపాగి మీరే చెప్పండి."

గుమస్తా కుర్చీకి ఒక కాలు పొట్టి. బాగుచేయించమని అడిగి అడిగి ఎప్పుడో మానేశాడు. మేనేజరు కుర్చీ మెత్తగా నడుముని పట్టుకుంది. కళ్ళు మూతలు పడుతుండగా టైపిస్టు వచ్చింది.

"ఇప్పుడు మీరేగా సారు? మా అత్తగారిని కళ్ళ డాక్టరుకి చూపించాలి. వెళ్ళనా?"

ఆమె వైపు నుంచి చూస్తే న్యాయమే. "వెళ్ళిరా అమ్మా."

క్యాషియరుకి పన్నునొప్పి. అతని దవడ వైపు నుంచి చూసినా న్యాయమే. కబురు ఆ నోటా ఈ నోటా పాకింది. అటెండరుకి సాకు దొరకలేదు. "అందరూ పోతుంటే నాకూ పోవాలనిపిస్తోంది సార్" అన్నాడు. అంత నిజాయితీని కాదనే ఓపిక గుమస్తాకి లేకపోయింది.

హాలు ఖాళీ. కిటికీ పక్కన, ఎండ మొహాన కొడుతుంటే, ఊగే కుర్చీని కాళ్ళతో అదిమిపట్టుకుని మేనేజరు ఒక్కడే మిగిలాడు. అతని ముందున్న ఫోను మోగింది.

"తాతయ్యా! బయల్దేరావా?" ఆ గొంతు హాలంతా వినిపించింది.

నియమం తనదే మరి. "ప్రస్తుతానికి మీ తాతయ్యనేనమ్మా..."

"గొంతేంటి అలా ఉంది? ముందు వరసలో కూర్చో. నేను మేఘాన్ని. నువ్వు కనిపిస్తేనే కురుస్తా!"

మేనేజరు చెమట తుడుచుకుంటూ వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. "సార్, సెలవు కావాలి."

గుమస్తా ఖాళీ హాలంతా కలయజూశాడు. "అందరికీ ఇచ్చేశానండీ. ఆఫీసులో ఒక్కరైనా ఉండొద్దూ? కుదరదు."

"అన్యాయం సార్! అవతల నా మనవరాలు కురవాలి!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు తేరుకున్నది మేనేజరే.

"లేవండి బాబూ! నా కుర్చీ నాకిచ్చి, మీ సెలవు మీరు పట్టుకెళ్ళండి. ఇక్కడ నేనుంటాను."

ఆ సాయంత్రం మేఘం ధారాళంగా కురిసింది.

మర్నాటి నుంచి మేనేజరు ఆ మాట ఎత్తలేదు గానీ, కిటికీ పక్క కుర్చీకి కొత్త కాలొచ్చింది.