సేటు వాకిట్లో ఉపాసం

ఆ రోజు భిక్షపతి పొద్దున్నే లేచి, నున్నగా గడ్డం గీసుకుని, పెళ్ళిళ్ళకు తప్ప పెట్టెలోంచి తీయని తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. చేయవలసిన పని చిన్నదే. పది గంటలకు బస్తీ నాయకుడు రామ్‌చందరన్నను పరదా కట్టిన రిక్షాలో ఎక్కించి, ఛత్రినాక నుంచి శాలిబండ దాకా ఎవరి కంటా పడకుండా తీసుకుపోవాలి. అక్కడ నూనె మిల్లు ఈశ్వరయ్య సేటు బంగళాకు వెనక గల్లీలో ఒక చిన్న తలుపు ఉంది. అన్నను ఆ తలుపులోంచి లోపలికి పంపాలి. సేటు ఇంట్లో టిఫిను, టిఫినుతో పాటు నాలుగు మాటలు. అంతే.

ఇంత గుట్టు ఎందుకంటే, ముందు రోజు సాయంత్రమే అన్న మాదన్నపేట కూరగాయల మార్కెట్లో బల్ల ఎక్కి గర్జించి వచ్చాడు. ఈశ్వరయ్య ఆ మార్కెట్ జాగా కొన్నాడు. గంపలవాళ్ళను లేపేసి గోదాము కట్టాలని అతని ఆలోచన. "మీ గంప ఒక్కటి కదలాలన్నా ఆ సేటు నా పీనుగ దాటి పోవాలె!" అని అన్న గుండె మీద చరుచుకుంటే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. అయితే అది డెబ్బై ఏడు డిసెంబరు. ఎన్నికలు రెండు నెలల్లోకి వచ్చేశాయి. అన్నకు జీపులు కావాలి. జీపులేమో సేటు దగ్గరున్నాయి.

భిక్షపతికి తెలిసింది అంతవరకే. సైకిళ్ళు కిరాయికిచ్చే చిన్న దుకాణం పెట్టుకుని, ఆరేళ్ళుగా అన్న వెంట జెండా పట్టుకు తిరుగుతున్నాడు. పెద్దవాళ్ళ సంగతులు పెద్దవాళ్ళకే అర్థమవుతాయని అతని నమ్మకం.

గంప నెత్తికెత్తుకోబోతున్న భార్య రాజమణి అతని చొక్కా చూసి ఆగిపోయింది. ఆమె కూడా ఆ మార్కెట్లోనే కూరగాయలు అమ్ముతుంది.

"ఏమయ్యో, ఎవల పెండ్లి?"

"పెండ్లి లేదు ఏం లేదు. అన్నతోని పనుంది."

"ఏడ?"

భార్యకు అబద్ధం చెప్పడం భిక్షపతికి చేతకాదు. మొదలుపెట్టిన అబద్ధంలోంచి సగం దారిలోనే నిజం జారిపడుతుంది. "శాలిబండల. ఈశ్వరయ్య సేటు ఇంట్ల" అనేశాడు. అని నాలుక కరుచుకున్నాడు.

రాజమణి గంప కింద పెట్టింది. "సేటు ఇంట్లనా? అన్నకు ఆ ఇంట్ల ఏం పని?"

"ఏం పనంటవేందే?" అని తడబడ్డాడు. "మీ మార్కెట్ గురించే. మొకం మీదనే అడుగుతడట. ఒక్కడే పోతుండు, జీపు లేదు, జెండా లేదు. జర ఎవలకూ చెప్పకు."

"నేనెందుకు చెప్తనయ్యా?"

అన్నట్టే, మార్కెట్ చేరేదాకా ఎవరికీ చెప్పలేదు. అక్కడ పక్క గంప నీలమ్మకు మాత్రమే చెప్పింది. నీలమ్మకు చెప్పడం చెప్పడం కిందికి రాదు. ఇద్దరూ పదిహేనేళ్ళుగా ఒకే గొడుగు కింద కూర్చుంటున్నారు. నీలమ్మ ఆ మాటను ఉల్లిగడ్డల వరసలో వేసింది. అక్కడికి చేరేసరికి 'ఒక్కడే పోతుండు' కాస్తా 'పానం మీద ఆశ వదులుకొని పోతుండు' అయింది. ఆకుకూరల వరస దాటేసరికి సేటు ఒప్పుకునేదాకా అన్న ఆ వాకిట్లోనే ఉపాసం కూర్చుంటాడని తేలిపోయింది.

"మన కోసం అన్న కడుపు మాడ్చుకుంటుంటే మనం ఈడ టమాటలు అమ్ముకుందమా?" అని నీలమ్మ లేచి నిలబడింది. తొమ్మిది కొట్టేసరికి గంపల మీద గోనెసంచులు కప్పేశారు. ఎవరో పోయి డప్పులవాళ్ళను పిలుచుకొచ్చారు. రెండు మూడు వందల మంది శాలిబండ దారి పట్టారు.

ఇక్కడ రిక్షా తొక్కే ఓదెలు, పరదా లోపలున్నది ఎవరో తెలిసిన గర్వంతో, బరువు కూడా మరిచిపోయి తొక్కాడు. వెనక తలుపు తెరుచుకుంది. అన్న లోపలికి పోయి తలమీది శాలువా తీసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

బల్ల మీద పూరీలు, జీడిపప్పు ఉప్మా, అప్పుడే పాకంలోంచి తీసిన జిలేబీలు ఉన్నాయి. భిక్షపతికి తలుపు దగ్గర ఒక స్టూలు వేసి ఉప్మా ప్లేటు చేతికిచ్చారు. జీపుల మాట రెండు పూరీల్లో అయిపోయింది.

"మరి మార్కెట్ సంగతేంది?" అన్నాడు ఈశ్వరయ్య.

"ఫికర్ జేయకుండ్రి సేట్‌సాబ్. ఓట్లు పడేదాకా నేను గిట్లనే లొల్లి చేస్త, మీరు పట్టించుకోకుండ్రి. తర్వాత నెల తిరిగేసరికి జాగా ఖాళీ."

"ఆడోళ్ళు ఊకుంటరా?"

"రెండు దినాలు ఏడుస్తరు. మూడో దినం ఇంకో కాడ గంప దించుకుంటరు. గరీబోళ్ళకు మస్తు ఓపిక ఉంటది సేట్‌సాబ్" అని అన్న మూడో జిలేబీ అందుకున్నాడు.

భిక్షపతి ఉప్మా ప్లేటు కింద పెట్టేశాడు. రాజమణి కూర్చునే చోటు అంతకు ముందు వాళ్ళమ్మది. ఎండకూ వానకూ అక్కడే కూర్చుని ఆ తల్లి ముగ్గురు పిల్లలను పెంచింది. ఈ ఆరేళ్ళలో తాను ఎన్ని జెండాలు మోశాడో గుర్తు చేసుకుంటే భిక్షపతికి భుజం నొప్పి పుట్టింది.

అప్పుడే వీధిలో డప్పులు మోగాయి.

"ఎవలదో పెండ్లి బరాత్ ఉన్నట్టుంది" అన్నాడు ఈశ్వరయ్య.

"రామ్‌చందరన్నా, జిందాబాద్! ఈశ్వరయ్య సేటు, డౌన్ డౌన్!" అని బరాత్ అరిచింది. ఆ పైన నీలమ్మ గొంతు గేటు దాటి వచ్చింది. "అన్నా! నువ్వు ఉపాసముంటే మేము గూడ తినం!"

ఈశ్వరయ్య లేచి నిలబడ్డాడు. "నా ఇంట్ల కూసోని, నా జిలేబీలు తినుకుంట, నా గేటు ముంగట జులూస్ పెట్టిపిచ్చినవా?"

"నేనా? నన్ను జనానికి పట్టియ్యనీకి మీరే పిలిపిచ్చినట్టున్నరు!"

కాసేపు ఒకరినొకరు అనుమానించుకున్నాక ఇద్దరి చూపులూ స్టూలు మీదికి తిరిగాయి.

"మా ఇంటామెకు ఒక్క ముక్క చెప్పిన అన్నా" అన్నాడు భిక్షపతి.

అన్న పరుగున పోయి వెనక తలుపు సందులోంచి చూశాడు. గల్లీ నిండా జనం. నడుమ ఓదెలు రిక్షా సీటు మీదికెక్కి, "నేనే తోలుకొచ్చిన! లోపల్నే ఉన్నడు!" అని చాటుతున్నాడు. తలుపు మూసి అన్న చెమట తుడుచుకున్నాడు.

"భిక్షపతీ, పో. ఉపాసం లేదు గిపాసం లేదు, మాటలు నడుస్తున్నయి, అందరు వాపస్ పోండ్రి అని చెప్పు."

భిక్షపతి గేటు దగ్గరికి వచ్చాడు. అందరికంటే ముందు రాజమణి ఉంది. మొహమంతా దుమ్ము, చెప్పు ఒకటి తెగి చేతిలో ఉంది.

"అన్న బాగున్నడా? పొద్దటిసంది ఏమన్న తిన్నడా?" అంది.

అతను ఏం చెప్పాలో లోపల చెప్పి పంపించారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె చేతిలోని చెప్పు చూసి మింగేశాడు.

"మంచినీళ్ళు గూడ ముట్టలేదు. జాగా మీదేనని సేటు సంతకం పెట్టేదాకా ముట్టడట. ఇప్పుడే వచ్చి మీ ముంగట కూసుంటడు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో రాజమణికి అతను తడబడకుండా చెప్పిన మొదటి అబద్ధం అదే.

జనం గేటు తోసుకుని వాకిట్లోకి వచ్చేశారు. ఇక అన్న బయటికి రాక తప్పలేదు. మెట్ల మీద కూర్చోకా తప్పలేదు. మీసాలు తుడుచుకున్నాడు కానీ తొందరలో సరిగా తుడుచుకోలేదు. నీలమ్మ దగ్గరికొచ్చి చూసి, "అయ్యో, కడుపుల ఏం లేకున్నా మొకం ఎట్ల మెరుస్తున్నదో చూడుండ్రి!" అంది. ఈగలు కూడా ఆ మెరుపు దగ్గరికే వచ్చాయి. ఆడవాళ్ళు వంతుల వారీగా కొంగులతో విసిరారు.

"ఏం చెప్పినవ్ రా వాళ్ళకు?" అని అన్న పళ్ళ సందులోంచి అడిగాడు.

"మీరు చెప్పుమన్నదే చెప్పిన అన్నా. లొల్లిల సరిగ ఇనపడనట్టుంది."

మధ్యాహ్నం పేపరాయన ఒకడు కెమెరాతో వచ్చాడు. కళ్ళు తిరిగినట్టు పడిపోయి తప్పించుకుందామనుకున్న అన్న, ఒక్క పూటకే పడిపోయాడని పేపర్లో వస్తుందని ఆ ఆలోచన మానుకున్నాడు. లోపల వంటవాడు పప్పుకు ఎల్లిపాయ తాలింపు పెట్టాడు. ఆ వాసన మెట్ల దాకా వచ్చి అక్కడే కూర్చుంది. అన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఆడవాళ్ళు ఏడ్చారు. వాళ్ళను చూసి డప్పులవాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు.

ఈశ్వరయ్య కిటికీలోంచి అన్నీ చూస్తున్నాడు. మిల్లుకు పోలేకపోయాడు. వచ్చిన చుట్టాలు గేటు దగ్గరి నుంచే తిరిగి వెళ్ళారు. నాలుగు గంటలకు ఒక కాగితం రాసి, సంతకం పెట్టి, విసుగ్గా బయటికి వచ్చాడు. గోదాము వేరే చోట కట్టుకుంటానని చదివాడు. గొడవ తొందరగా తెగాలని, కాగితంలో లేని మాట కూడా ఒకటి కలిపాడు. "మీ నెత్తిమీద రేకులు గూడ నేనే ఏపిస్త."

మొదట అరిచింది రాజమణే. "ఈశ్వరయ్య సేటు, జిందాబాద్!"

ఆ మాట పక్కన తన పేరు ఈశ్వరయ్య ఎన్నడూ వినలేదు. మళ్ళీ వినాలనిపించి, లోపలికి పోవలసిన మనిషి అక్కడే నిలబడ్డాడు. మళ్ళీ విన్నాడు. జనం అతన్ని భుజాల మీదికెత్తుకుని వీధిలోకి తీసుకుపోయారు. ఖాళీ వాకిట్లో రామ్‌చందర్‌కు భిక్షపతి ఒక్కడే నిమ్మకాయ నీళ్ళు ఇచ్చాడు. ఆ రాత్రి ఇంటికి పోయాక రాజమణి రామ్‌చందరన్న గొప్పతనాన్ని గంటసేపు చెప్పింది. భిక్షపతి బుద్ధిగా ఊకొట్టాడు.

మాట ప్రకారం మార్కెట్ మీదికి రేకులు వచ్చాయి. పది రోజులకు, అన్న ఎదురుచూస్తున్న పార్టీ టికెట్టు కూడా వచ్చింది, కానీ అది ఈశ్వరయ్యకు. మొదటి మీటింగు ఆ రేకుల కిందే పెట్టారు. భిక్షపతి జెండా పట్టుకోలేదు. గంప వెనక కూర్చుని టమాటలు తూచాడు. ఈశ్వరయ్య మెడ నిండా దండలతో మైకు అందుకుని, "అక్కల్లారా, చెల్లెల్లారా! ఈ పైసలున్నోళ్ళ మాటలు మాత్రం నమ్మకుండ్రి!" అన్నాడు.

వేదిక మీద కూర్చున్నవాళ్ళలో అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు రామ్‌చందర్.