ఏడు నిమిషాల లైసెన్సు

"కింది కోర్టుల్లో ప్రాక్టీసు చేసుకునే లైసెన్సు ఇకపై ఏడంటే ఏడే నిమిషాల్లో!" అని న్యాయశాఖ మంత్రిగారు ప్రకటించగానే చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కొట్టకపోతే ఏం బాగుంటుంది? ఆ ఏడు నిమిషాలు లెక్కపెట్టే గడియారానికి కోడ్ రాసింది నేనే.

మంత్రిగారు చెప్పిన స్పెసిఫికేషన్ ఒక్కటే. "ఫైలు మీద పని జరుగుతున్నప్పుడే గడియారం నడవాలమ్మా. ఫైలు ఊరికే పడున్న టైము కూడా మా నెత్తిన వేస్తే అన్యాయం కదూ?"

న్యాయశాఖ కదా, అన్యాయం ఆయనకు పడదు. ఆఫీసరు బల్ల మీద 'ఆపు' అని ఎర్ర బటన్ పెట్టించాను.

మొదటి దరఖాస్తు లా పాసైన మా అక్కది. కోర్టు వరండా మూలలో మా బాబాయి పద్దెనిమిదేళ్లుగా జిరాక్సు తీస్తున్నాడు. ఆ మూలలోనే గడియారం తెర పెడతారట. గురువారంలోగా ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. మంత్రిగారి గడియారం మీద స్టే అడగడానికి ఒక్క లాయరూ ముందుకు రాలేదు.

"ఇక నువ్వే దిక్కు తల్లీ," అన్నాడు బాబాయి అక్కతో.

"సోమవారమే లైసెన్సు వచ్చేస్తుంది బాబాయ్. చెల్లి గడియారం ఉందిగా!"

సోమవారం ఆఫీసరు ఫైలు తెరిచి చాలాసేపు ఫొటో చూశాడు.

"నవ్వుతున్నావేంటమ్మా ఇందులో?"

"లైసెన్సు వస్తుందని సార్."

"వచ్చాక నవ్వాలి. వేరే ఫొటో పట్రా." ఆపు నొక్కాడు.

మంగళవారం నవ్వని ఫొటో ఇచ్చింది. అందులో ఉన్నది అక్కేనని ఎవరైనా లాయరు సంతకం పెట్టాలన్నాడు. అదీ అయింది. బుధవారం అక్క గొంతు పెంచింది.

"రేపే సార్ ఖాళీ చెయ్యాల్సింది! ఒక్క సంతకం!"

"ఇంత తొందరపడే లాయర్ని నా సర్వీసులో చూళ్లేదు. అసలు ఈ లైను నీకు పడుతుందంటావా?" అని ఆయన భోజనానికి లేచాడు. లేస్తూ బటన్ నొక్కడం మర్చిపోలేదు. క్రమశిక్షణ అంటే అదీ.

గురువారం నలుగురొచ్చి బాబాయి మిషన్ని గేటు అవతల దించారు. సాయంత్రానికి తెర వెలిగింది. ఒక్క బగ్ లేదు.

శుక్రవారం మంత్రిగారే వచ్చారు. తెర ముందు సభ. మేడ మీదున్న ఆఫీసరు బల్లని బటన్‌తో సహా కిందికి మోయించారు. సంతకం పడింది. తెర మీద ఆరు నిమిషాల నలభై సెకన్లు.

"రికార్డు!" అన్నారు మంత్రిగారు. అక్క చెయ్యి చాపింది.

"ఆగమ్మా," అన్నాడు ఆఫీసరు. "ఇచ్చేముందు ఫైల్లోకి రెండు జిరాక్సులు పడాలి. ఇక్కడే మూలన ఒకాయన తీస్తాడు."

"ఆయన గేటు బయటున్నాడు సార్."

"కాపీలు ఫైల్లో పడందే ఒరిజినల్ గేటు దాటకూడదే!"

"అయితే మిషన్ని లోపలికి రానివ్వండి సార్."

"ఎక్కడ పెడతాం? జాగా ఏదీ?" అని ఆఫీసరు తెరకేసి చూసి, బటన్ నొక్కాడు.

ఇది జరిగి నాలుగు నెలలు. మంత్రిగారు ఆడిన మాట తప్పలేదు. నిన్న కూడా వెళ్లి చూశాను. ఆరు నిమిషాల నలభై సెకన్లే.